ఆర్‌వీ-7 రెక్కలు: డ్రైవ్‌వేలో ఒకసారి బిగించి చూడాలా, నేరుగా హ్యాంగర్‌లోనా?

గ్యారేజ్_విమానం | ఫ్రిస్కో, టెక్సాస్

అందరికీ నమస్కారం. కిట్ తెచ్చి ఇంట్లోనే కట్టుకుంటున్న నా ఆర్‌వీ-7 విమానం ఫ్యూజలాజ్ (మధ్య శరీరం) కనోపీ (పైన అద్దం మూత) దాకా వచ్చింది. రెక్కలు రెండూ పూర్తయి గోడ వారగా స్టాండులో నిలబడి ఉన్నాయి, మా ఆవిడ కారు మాత్రం ఎండలో ఉంది, కాబట్టి ఈ విషయం త్వరగా తేల్చుకోవాలి. మాది రెండు కార్ల గ్యారేజీ. విమానం ఈ రెక్క కొస నుంచి ఆ రెక్క కొసకి దాదాపు 25 అడుగులు, లోపల రెండూ తగిలించే ప్రసక్తే లేదు. డ్రైవ్‌వేలో ఒక రోజు పెట్టుకుని వెనక స్పార్ (రెక్క పొడవునా ఉండే దూలం) రంధ్రం వేసేసి, ఫ్యూయల్ లైన్ల కొలతలు తీసుకుని, మళ్లీ విప్పి ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్లమని కొందరు అంటున్నారు. ఆ పనంతా ఒకేసారి హ్యాంగర్‌లో చేసుకో, రెండుసార్లు ఎక్కించి దించితే రంధ్రాలు పాడవుతాయని ఇంకొందరు. పైగా మా దగ్గర హ్యాంగర్ వెయిటింగ్ లిస్టు కదలట్లేదు, అందుకని ఇంకో పిచ్చి ఆలోచన కూడా వచ్చింది: రెక్కలు తీసి ట్రైలర్ మీద ఇంటికి తెచ్చుకుని, ఎగరాలనుకున్నప్పుడు తీసుకెళ్లి బిగించుకుంటే? తిట్టకుండా చెప్పండి.

రివెట్_రాజు | డెంటన్, టెక్సాస్

ముందు చివరి ప్రశ్నకి జవాబు: వద్దు తమ్ముడూ. తిట్టట్లేదు, కారణం చెబుతా.

7లో రెక్క స్పార్ మొదలు భాగం ఫ్యూజలాజ్ లోపలికి వచ్చి, సీట్ల ముందు అంచు కింద ఉండే బల్క్‌హెడ్ (అడ్డగోడ) పలకల మధ్యకి దూరుతుంది. దాన్ని అక్కడ పట్టి ఉంచేవి క్లోజ్ టాలరెన్స్ (కొలతలో తేడా దాదాపు లేని) ఎన్ఏఎస్ రకం బోల్టులు, వాటిలో లావువి 9/16 అంగుళం. రంధ్రంలో అవి వదులుగా ఊగవు, బిగుతుగా కూర్చుంటాయి, రెక్క బలమంతా ఆ బిగుతులోనే ఉంది. వాటిని పదే పదే కొట్టి ఎక్కించి, కొట్టి దించుతుంటే బోల్టు మీది కాడ్మియం పూత గీసుకుపోతుంది, రంధ్రం అంచు నలుగుతుంది. ఆ రంధ్రం ఒకసారి సాగిందంటే అది బోల్టు మార్చితే పోయే సమస్య కాదు. ఇది కాక ప్రతిసారీ ట్యాంకులు ఖాళీ చెయ్యాలి, ఫ్యూయల్ లైను, వెంటు, పీటో గొట్టం (వేగం కొలవడానికి గాలి పట్టేది), లైట్ల వైర్లు, ఐలరాన్ల (విమానాన్ని పక్కకి వాల్చే రెక్క వెనక పలకల) పుష్‌రాడ్లు, ఫ్లాపు రాడ్లు, రెక్క మొదట్లో ఫెయిరింగు స్క్రూలు అన్నీ విప్పాలి. ఎగరడానికి మిగిలే టైమ్ ఎంత?

మొదటి ప్రశ్నకి మాత్రం, డ్రైవ్‌వేలోనే చెయ్యి. నిజం బోల్టులు ముట్టుకోకు. వాటికంటే ఒక పిసరు సన్నంగా ఉండే తాత్కాలిక బోల్టులు హార్డ్‌వేర్ షాపులో తెచ్చి, కొసలు గుండ్రంగా అరగదీసి వాడు. అప్పుడు రంధ్రాలకి ఏమీ కాదు, ఎక్కించడం దించడం కూడా సుళువు. ఎన్ఏఎస్ బోల్టులు హ్యాంగర్‌లో ఒక్కసారే లోపలికి వెళ్తాయి, ఇక వాటి జోలికి వెళ్లవు.

పన్నెండు_అభిమాని | ఫీనిక్స్

ట్రైలర్ మీద తిప్పుకోవాలనుకునే వాళ్ల కోసమే ఆర్‌వీ-12 ఉంది కదా. రెండు రెక్కల స్పార్లు ఫ్యూజలాజ్ మీదుగా ఒకదాని పక్కన ఒకటి వస్తాయి, రెండు పిన్నులు దూర్చితే అయిపోతుంది. ఫ్లాపరాన్లు (ఐలరాన్, ఫ్లాపు రెండూ ఒకటే అయినవి) రెక్క లోపలికి జరుగుతుంటే వాటంతట అవే కలుసుకుంటాయి. పెట్రోలు ట్యాంకు సీట్ల వెనక ఫ్యూజలాజ్‌లోనే ఉంది కాబట్టి రెక్కలో ఫ్యూయల్ లైనే లేదు. ఇద్దరు మనుషులుంటే నిమిషాల పని.

అయితే నిజం చెప్పాలంటే 12 కొన్నవాళ్లలో రెక్కలు తీసి ఇంటికి తీసుకెళ్లే వాళ్లు నాకు తెలిసినంతలో చాలా తక్కువ. ఎండలో ట్రైలర్ కట్టి, రెక్కలు దించి, మళ్లీ ఎక్కించి అనుకునేసరికే ఎగరాలన్న ఉత్సాహం సగం చచ్చిపోతుంది. నేను కూడా చివరికి ఇంకొకరితో కలిసి హ్యాంగర్ పంచుకున్నా. గ్యారేజీ గారూ, మీరు కూడా హ్యాంగర్ పంచుకునే వాళ్లని వెతకండి, వెయిటింగ్ లిస్టు కంటే అది త్వరగా తెగుతుంది.

కిట్‌ఫాక్స్_కృష్ణ | బాయిసీ, ఐడహో

మా కిట్‌ఫాక్స్ రెక్కలు విప్పక్కర్లేదు, మడిస్తే చాలు. ముందు స్పార్ పిన్ను తీస్తే రెక్క వెనక స్పార్ దగ్గర తిరిగి తోక పక్కకి వెళ్లి ఒదిగిపోతుంది. ఇది చూసే చాలామంది కొంటారు. నేను అదే చూసి కొన్నా.

కానీ ఒక మాట. మడిచే రెక్క కదా అని తేలిగ్గా తీసుకుంటారు జనం. మడిచినప్పుడల్లా ఫ్యూయల్ గొట్టం వంగుతుంది, వైర్లు వంగుతాయి, పిన్ను రంధ్రం కొంచెం కొంచెం అరుగుతుంది. నేను ప్రతిసారీ ఆ గొట్టాన్ని వేళ్లతో తడిమి, పగుళ్లు ఉన్నాయేమో చూస్తా. పిన్ను దూర్చాక దాని సేఫ్టీ పిన్ను పెట్టానా లేదా అన్నది ఎవరైనా వచ్చి పలకరించినప్పుడే మర్చిపోయే ప్రమాదం. అందుకే ఆ పని నడుస్తున్నంతసేపూ మా హ్యాంగర్‌లో మాటలు బంద్. ఎవరైనా వస్తే "ఐదు నిమిషాలాగు బాబూ" అంటా, కోపం వచ్చినా సరే.

గ్యారేజ్_విమానం | ఫ్రిస్కో, టెక్సాస్

సరే, ట్రైలర్ ఆలోచన అటకెక్కించేశా. రాజు గారూ, వెనక స్పార్ రంధ్రం గురించి కాస్త వివరంగా చెబుతారా? మాన్యువల్ చదివా కానీ అక్కడ నాలుగు ముక్కల్లో తేల్చేశారు, ఇక్కడేమో ఆ ఒక్క రంధ్రం తలచుకుంటే నిద్ర పట్టట్లేదు.

రివెట్_రాజు | డెంటన్, టెక్సాస్

నిద్ర పట్టకపోవడం మంచి లక్షణమే. మెయిన్ స్పార్ రంధ్రాలు ఫ్యాక్టరీలో పడి వస్తాయి కాబట్టి డైహెడ్రల్ (రెక్కలు కొసల వైపు పైకి లేచే కోణం) నీ చేతిలో లేదు. నీ చేతిలో ఉన్నవి రెండే: రెక్క ముందుకో వెనక్కో వాలకుండా తిన్నగా ఉండటం, రెండు రెక్కలూ ఒకే ఇన్సిడెన్స్‌లో (ఫ్యూజలాజ్‌తో రెక్క చేసే కోణంలో) ఉండటం. ఆ వెనక రంధ్రం పడ్డాక రెండూ శాశ్వతంగా ఖాయమైపోతాయి.

ముందు ఫ్యూజలాజ్‌ని లెవెల్ చెయ్యి. రెండు లాంజరాన్ల (ఫ్యూజలాజ్ పొడవునా ఉండే పట్టీల) మీద అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి రసమట్టం పెట్టు, డిజిటల్ లెవెల్ ఉంటే ఇంకా మంచిది. కింద చక్రాల మీద వదిలెయ్యకు, టైరులో గాలి తగ్గినా లెవెల్ మారిపోతుంది, స్టాండ్ల మీద నిలబెట్టు. తర్వాత తాపీ మేస్త్రీలు వాడే తూకం గుండ్లు తెచ్చి, రెక్క ముందంచు మీద నుంచి ఒక్కో రెక్కకి రెండేసి వేలాడదియ్యి. ఆర్‌వీ ముందంచు తిన్నగా ఉంటుంది కాబట్టి నాలుగు దారాలూ ఒకే వరసలో రావాలి. నేల మీద చాక్‌లైను కొట్టి చూస్తే ఏ రెక్క ముందుకి వచ్చిందో వెంటనే కనపడుతుంది. గాలి వీచే రోజు ఈ పని పెట్టుకోకు. గుండ్లు ఊగుతూనే ఉంటాయి, వాటిని నీళ్ల బకెట్లలో ముంచినా మన టెక్సాస్ గాలికి ఆగవు. తెల్లవారుజామున చెయ్యి.

ఆ తర్వాత రెండు రెక్కల మీదా ఒకే రకమైన చోటు ఎంచుకుని, అక్కడి నుంచి తోక మధ్య గీతకి టేపు పట్టి కొలువు. రెండు వైపులా సమానంగా రావాలి. టేపు సాగుతుంది, ఎప్పుడూ ఒకే మనిషి ఒకే బలంతో లాగాలి.

ఇన్సిడెన్స్‌కి మాన్యువల్‌లో చెప్పిన కొలతకి చెక్క బ్లాకు చేసుకుని, లెవెల్‌తో చూసుకుంటూ వెనక స్పార్‌ని పైకీ కిందకీ జరుపు. కుదిరాక క్లాంపు బిగించు. మళ్లీ అన్నీ మొదటి నుంచి కొలువు, ఎందుకంటే క్లాంపు బిగిస్తుంటే రెక్క కదులుతుంది. అప్పుడు కూడా డ్రిల్లు పట్టుకోకు. రంధ్రం మధ్య నుంచి అంచుకి దూరం చూడు. బోల్టు వ్యాసానికి కనీసం రెండింతలు ఉండాలి. 5/16 బోల్టు కాబట్టి 5/8 అంగుళం. ఇది స్పార్ నాలుకకీ ఉండాలి, ఫ్యూజలాజ్ వైపు ఫోర్కుకీ ఉండాలి, రెండింటిలో ఏది తక్కువైనా ఆగాలి. రెండు మూడు రోజులు పోయినా పర్లేదు.

రంధ్రం ఒకేసారి పెద్దది వెయ్యకు. చిన్న పైలట్ డ్రిల్లుతో మొదలుపెట్టి, మెల్లగా పెంచుతూ, చివర రీమర్‌తో (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకి నునుపు చేసే పనిముట్టుతో) పూర్తి చెయ్యి. డ్రిల్లు నిలువుగా పోవడానికి గైడు బ్లాకు తప్పనిసరి. రంధ్రం వంకరైతే బోల్టు తల ఒక పక్కనే ఆనుతుంది.

కొత్తరెక్క | విజయవాడ

నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, ఎన్‌సీసీ ఎయిర్‌వింగ్. మెయిన్ స్పార్ రంధ్రాలు ఫ్యాక్టరీలో వేసి ఇస్తున్నప్పుడు ఆ వెనకదాన్ని కూడా వేసి ఇవ్వచ్చు కదా అన్నా? మనచేత ఎందుకు చేయిస్తారు?

రివెట్_రాజు | డెంటన్, టెక్సాస్

మంచి ప్రశ్న. ఫ్యూజలాజ్ నువ్వు నీ గ్యారేజీలో రివెట్లు కొట్టి కట్టావు, రెక్కా నువ్వే కట్టావు. రెంటిలోనూ వెంట్రుకవాసి తేడాలు వచ్చి తీరతాయి. ఆ తేడాలన్నీ సర్దుకునేది ఈ ఒక్క రంధ్రం దగ్గరే. ముందే వేసి ఇచ్చేస్తే ఒక రెక్క ఒక డిగ్రీలో కొంత ఎక్కువ, రెండోది తక్కువ వచ్చి, విమానం జీవితాంతం ఒక పక్కకి వాలుతూ ఎగురుతుంది. అలా వాలే విమానాలకి తేలిక రెక్క వైపు ఐలరాన్ వెనకంచుని కాస్త నొక్కి సరిచేస్తారు, అది వేరే కథ. ముందు ఇన్సిడెన్స్ సరిగ్గా పెడితే ఆ అవసరం చాలావరకు రాదు.

ఏఎంఈ_సుజాత | హైదరాబాద్

రాజు గారు చెప్పింది రెక్క ఎక్కించడం గురించి. నేను ఎక్కించాక ఏం చెయ్యాలో చెబుతా, మా మెయింటెనెన్సు ఇంజనీర్ల ఉద్యోగమే అది కాబట్టి.

టార్క్ (నట్టు తిప్పి బిగించే బలం) ముందు. విమానాల్లో వాడే ఏఎన్3 బోల్టుకి 20 నుంచి 25 ఇంచ్-పౌండ్లు, ఏఎన్4కి 50 నుంచి 70, ఏఎన్5కి 100 నుంచి 140. ఇవి అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ మార్గదర్శక పుస్తకం ఏసీ 43.13లో ఉండే మామూలు అంకెలు. డిజైనరు వేరే అంకె ఇస్తే అదే వాడాలి, పెద్ద ఎన్ఏఎస్ బోల్టులకి ప్లాన్లలో ఉన్నదే. ఇంచ్-పౌండు రెంచి, ఫుట్-పౌండు రెంచి ఒకే డబ్బాలో పెట్టకండి, ఒకదానికి ఒకటి 12 రెట్లు తేడా. వీలైనంతవరకు నట్టు వైపే తిప్పండి, బోల్టు తల తిప్పితే అది రంధ్రాన్ని గీస్తుంది. లాక్ నట్టు ఖాళీగా తిరిగేటప్పుడు పట్టే బలం ఎంతో చూసుకుని దాన్ని కూడా కలపాలి. బిగించాక నట్టు బయటికి కనీసం ఒక మర కనిపించాలి. తిరిగే జాయింట్లకి నైలాన్ లాక్ నట్టు సరిపోదు, గాళ్లున్న కాసిల్ నట్టు, దానిలోంచి దూర్చే కాటర్ పిన్ను పెట్టాల్సిందే.

బిగించిన ప్రతి నట్టు మీదా టార్క్ సీల్ (నట్టు కదిలితే చెదిరే రంగు) గీత పెట్టండి. చేత్తో మాత్రమే తిప్పి వదిలిన వాటికి ఎర్ర టేపు కట్టండి. సాయంత్రం పని ఆపేటప్పుడు విమానం మీద ఎక్కడైనా ఎర్ర రంగు ఉందంటే ఆ పని ఇంకా మిగిలి ఉన్నట్టే.

ఇక అసలు సంగతి. కంట్రోల్స్ ఎక్కడ విప్పినా మా దగ్గర డూప్లికేట్ ఇన్‌స్పెక్షన్ ఉంటుంది. బిగించినవాడు ఒకడు, చూసేవాడు ఇంకొకడు, ఇద్దరూ సంతకం పెట్టాలి. ఇంట్లో కట్టుకునే వాళ్లకి అమెరికాలో దాన్ని ఎవరూ అడగకపోవచ్చు, అయినా పిలవండి ఒకరిని. పెద్ద వర్క్‌షాపుల్లోనే కంట్రోల్స్ తారుమారయ్యాయి. 2001 మార్చిలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక లుఫ్తాన్సా ఏ320 రిపేరు తర్వాత లేచింది, కెప్టెన్ సైడ్‌స్టిక్ వైర్లు తారుమారు అయ్యాయి, ఆయన కుడికి తిప్పితే విమానం ఎడమకి వాలింది. రెక్క కొస నేలకి అర మీటరు దాకా వచ్చింది. పక్కనున్న కో-పైలట్ తీసుకోవడంతో బతికారు. 2018 నవంబరు 11న పోర్చుగల్‌లో ఎయిర్ ఆస్తానా ఎంబ్రేయర్ 190 మెయింటెనెన్సు అయ్యాక బయల్దేరింది, ఐలరాన్ కేబుళ్లు తప్పుగా పోయాయి. అదుపు తప్పుతూ చాలాసేపు తంటాలు పడి బేజా దగ్గర దించారు. లైసెన్సులున్న మనుషులు, మాన్యువళ్లు, తనిఖీలు అన్నీ ఉన్న చోట ఇది జరిగింది.

గ్లైడర్_గోపి | బెడ్‌ఫర్డ్, యూకే

సుజాత గారికి నూటికి నూరు మార్కులు. మేం గ్లైడర్ల వాళ్లం ఎగిరిన ప్రతిసారీ రెక్కలు ఎక్కించి దించుతాం కాబట్టి ఈ బాధ మాకు రోజూ ఉన్నదే. రెక్క ఊడి పడిన వాళ్ల కంటే ఐలరానో, ఎలివేటరో (తోక మీది పలక) తగిలించకుండా లేచిన వాళ్ల కథలే మా క్లబ్బుల్లో ఎక్కువ వింటాం. పాత గ్లైడర్లలో లోటెల్లియే కనెక్టర్లు ఉంటాయి, ఒక వైపు గోళీ, ఇంకో వైపు గూడు. గోళీ గూట్లో సగమే కూర్చున్నా చూడ్డానికి కూర్చున్నట్టే ఉంటుంది, స్టిక్ తిప్పితే కదులుతుంది కూడా. గాల్లోకి వెళ్లాక బలం పడితే జారిపోతుంది. అందుకే దాని రంధ్రంలో సేఫ్టీ పిన్ను దూరకపోతే కనెక్టర్ సరిగ్గా కూర్చోలేదనే లెక్క.

మేం చేసే పాజిటివ్ కంట్రోల్ చెక్ ఇలా. ఒకరు కాక్‌పిట్‌లో కూర్చుంటారు, ఇంకొకరు ఐలరాన్‌ని రెండు చేతులతో గట్టిగా, కానీ నలగకుండా పట్టుకుంటారు. లోపలివాడు స్టిక్ తిప్పుతాడు, బయటివాడు ఆపుతాడు. బలానికి వ్యతిరేకంగా పట్టి ఉంటే జాయింటు నిజంగా కలిసిందో లేదో తెలుస్తుంది. ఊరికే స్టిక్ అటూ ఇటూ ఊపి రెక్కలు చూసి "ఓకే" అనడం చెక్ కాదు.

దిశకి ఒక చిట్కా: స్టిక్ పట్టుకుని బొటనవేలు పైకి పెట్టండి. స్టిక్‌ని ఎడమకి వాల్చితే బొటనవేలు ఎడమకి చూపిస్తుంది, ఆ వైపు ఐలరాన్ పైకి లేవాలి. బొటనవేలు చూపించిన వైపు ఐలరాన్ కిందకి పోతే ఇంజిను స్టార్టు చెయ్యకండి.

గ్యారేజ్_విమానం | ఫ్రిస్కో, టెక్సాస్

ఈ బొటనవేలు చిట్కా గోడ మీద రాసి పెట్టుకున్నా గోపి గారూ. సుజాత గారూ, ఆ టార్క్ అంకెలు కూడా.

ఇంకో సందేహం. ఏటా జరిగే కండిషన్ ఇన్‌స్పెక్షన్‌లో రెక్క బోల్టులు ఒకసారి తీసి చూడటం మంచిదని ఒకాయన చెప్పాడు. ఎంబ్రీ-రిడిల్ యూనివర్సిటీ విమానం రెక్క ఊడిన ప్రమాదం గుర్తుచేశాడు. మీరేమంటారు?

రివెట్_రాజు | డెంటన్, టెక్సాస్

నేనైతే ముట్టుకోను. బాగా కూర్చున్న క్లోజ్ టాలరెన్స్ బోల్టుని ఏటా కొట్టి బయటికి తీస్తే లేని జబ్బు తెచ్చుకున్నట్టే. టార్క్ గీత చెదిరిందా, రెక్క మొదట్లో నల్లటి పొడి ఏమైనా కారిందా, రివెట్ల చుట్టూ బూడిద రంగు మరకలున్నాయా, రెక్క కొస పట్టి ఊపితే ఎక్కడైనా టక్‌మని చప్పుడొస్తోందా, ఇవి చూస్తా.

ఏఎంఈ_సుజాత | హైదరాబాద్

ఇక్కడ నేను రాజు గారితో సగమే ఏకీభవిస్తా. 2018 ఏప్రిల్ 4న డేటోనా బీచ్‌లో ఆ యూనివర్సిటీ పైపర్ విమానం ఎడమ రెక్క గాల్లో విడిపోయి ఇద్దరూ పోయారు. అమెరికా ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ చూస్తే స్పార్ కింది భాగంలో బోల్టు రంధ్రం దగ్గర అలసట పగులు. అది బయటికి కనిపించే చోటు కాదు. టార్క్ గీత చెదరలేదు, పొడి కారలేదు అని వదిలేస్తే అలాంటిది దొరకదు. అందుకే ఎఫ్‌ఏఏ 2020 చివర్లో చాలా పైపర్లకి ఆ రంధ్రాలని ఎడీ కరెంట్‌తో (లోహంలో పగుళ్లు పట్టే విద్యుత్ పరీక్షతో) చూడాలని ఆదేశం ఇచ్చింది, అది 2021 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది.

రివెట్_రాజు | డెంటన్, టెక్సాస్

మేడమ్, ఆ విమానం ఏడు వేల గంటలు దాటినది, రోజుకి ఎన్నిసార్లు దిగి లేచేదో ఊహించుకోండి. గ్యారేజీ తమ్ముడు సెలవురోజుల్లో ఎగిరి ఆ గంటలు చేరాలంటే వాళ్ల మనవళ్లు కూడా రిటైరవ్వాలి. ఆ పైపర్ ఆదేశం వచ్చినప్పుడు కూడా బోల్టులు తీసి పెట్టేటప్పుడే రంధ్రాలకి గాట్లు పడతాయని చాలామంది మొత్తుకున్నారు. అసలు ఆదేశం కూడా అన్ని విమానాలనీ ఏటా విప్పమనలేదు, ఎన్ని గంటలు, ఎలాంటి వాడకం అన్నది లెక్కేసి విప్పమంది.

ఏఎంఈ_సుజాత | హైదరాబాద్

అది ఒప్పుకుంటా. ఏటా తియ్యమని నేనూ అనను. గంటలు, గట్టి ల్యాండింగులు, ఏరోబాటిక్స్, ఇవి లెక్కలో పెట్టుకోండి. 7 మీద లూపులు కొట్టేవాళ్లు చాలామంది. గట్టిగా నేలకి తగిలిన విమానాన్ని మాత్రం "బయటికి బాగానే ఉంది" అని వదలొద్దు, అక్కడ బోల్టు తీయించే చూడాలి.

కేబుళ్లు ఉన్న డిజైన్ల వాళ్లకి ఇంకో మాట: రెక్క తీసి పెట్టాక కేబుల్ టెన్షన్ మళ్లీ కొలవండి. 2009లో జోడియాక్ సీహెచ్ 601ఎక్స్‌ఎల్ విమానాలని ఆపమని ఎన్‌టీఎస్‌బీ ఎఫ్‌ఏఏని కోరినప్పుడు ఫ్లటర్ (గాల్లో రెక్కలో ఐలరాన్లో అదుపు లేకుండా వణకడం), కేబుల్ టెన్షన్ రెండూ చర్చలో ఉన్నాయి. ఆర్‌వీ-7లో ఐలరాన్లకి పుష్‌రాడ్లే కాబట్టి మీకు ఆ బాధ లేదు, కానీ రాడ్ ఎండ్ల జామ్ నట్లు చూడండి. ఆ బేరింగు విరిగినా రాడ్డు జారిపోకుండా బయట పెద్ద వాషర్ ఉండాలి.

కొత్తరెక్క | విజయవాడ

మేడమ్, మన దగ్గర ఇంట్లో విమానం కట్టడం కుదురుతుందా? మా హాస్టల్లో అందరూ నవ్వుతున్నారు.

ఏఎంఈ_సుజాత | హైదరాబాద్

నవ్వనీ. ముంబై కాందివలి చార్కోప్‌లో కెప్టెన్ అమోల్ యాదవ్ డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టారు, పేపర్లలో బాగా వచ్చింది. డాబా మీద కట్టినదాన్ని విడదీసి కిందకి దించి 2016 మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనకి పెట్టారు, 2017లో మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రిజిస్ట్రేషన్ వచ్చింది, వీటీ-ఎన్‌ఎండీ. అనుమతుల కోసం ఆయన పడిన తిప్పలు మాత్రం రెక్కలు బిగించడం కంటే చాలా పెద్దవి. నీ వయసుకి ముందు మైక్రోలైట్ల (చాలా తేలికైన చిన్న విమానాల) దగ్గర పని నేర్చుకో. బెంగళూరులో రాజ్‌హంస వాళ్లు ఎక్స్-ఎయిర్ మైక్రోలైట్లు తయారుచేశారు, గుడ్డ రెక్కలు, గొట్టాల ఫ్రేము. దాన్ని విప్పి బిగించే చోట ఒక సెలవుల్లో పనిచేసినా పుస్తకం మొత్తం చదివినదానికంటే ఎక్కువ తెలుస్తుంది. మీ ఎన్‌సీసీకి కూడా పిపిస్ట్రెల్ వైరస్‌లు ఇచ్చారు, మన ఎయిర్‌ఫోర్స్ వాటికి గరుడ్ అని పేరు పెట్టుకుంది. దాని రెక్క ఎలా తగిలిస్తారో మీ ఇన్‌స్ట్రక్టర్‌ని అడుగు.

గ్యారేజ్_విమానం | ఫ్రిస్కో, టెక్సాస్

అప్‌డేట్. శనివారం తెల్లవారుజామున చీకటితో మొదలుపెట్టాం. మా వీధిలో తెలుగువాళ్లు నలుగురు వచ్చారు, పెళ్లింట పందిరి రాట ఎత్తడానికి వచ్చినట్టు తలో చెయ్యి వేశారు. రెక్క అంత బరువేం కాదు, కాకపోతే పొడుగు, ఎక్కడ పట్టుకోవాలో తెలియక అందరూ వెనకంచే పట్టుకోబోయారు, అరిచి ఆపా. కొస దగ్గర ఒకరు, మొదట్లో ఇద్దరు, నేను లోపల పడుకుని చూస్తూ. స్పార్ నాలుక బల్క్‌హెడ్ మధ్యకి కొంచెం దూరి ఆగిపోయింది. తోస్తే ఇంకా బిగుసుకుంది. కొస పట్టుకున్నాయన రెక్కని బొటనవేలంత పైకీ కిందకీ ఆడిస్తుంటే, లోపల నేను "ఇంకా, ఇంకా, ఆగు" అంటుంటే, ఒక చోట దానంతట అది జారి లోపలికి వచ్చేసింది. రంధ్రాలు చంద్రవంకల్లా కనపడ్డాయి మొదట, డ్రిఫ్ట్ పిన్ను కొస దూర్చి మెల్లగా తిప్పగానే గుండ్రంగా అయ్యాయి. తాత్కాలిక బోల్టులు చేత్తోనే దూరాయి.

తూకం గుండ్ల వరస బాగానే వచ్చింది. తోక కొలత రెండు వైపులా సమానం. ఇప్పుడు సమస్య: ఎడమ వైపు ఇన్సిడెన్స్ సరిపెట్టి క్లాంపు వేస్తే వెనక ఫోర్కు అంచుకి 5/8 కచ్చితంగా వస్తోంది కానీ స్పార్ నాలుక వైపు ఒక పిసరు తక్కువ. డ్రిల్లు పక్కన పెట్టేశా. కుడి వైపు హాయిగా ఉంది. ఏం చెయ్యమంటారు?

రివెట్_రాజు | డెంటన్, టెక్సాస్

డ్రిల్లు పక్కన పెట్టావు కదా, సగం పని అయిపోయింది. ముందు రెండు చూడు. స్పార్ నాలుక ఫోర్కులోకి పూర్తిగా వెళ్లిందా? రెక్క మొదటి రిబ్బు ఫ్యూజలాజ్ స్కిన్‌కి తగిలి ఆపుతోందేమో టార్చి వేసి చూడు. కొన్నిసార్లు అక్కడ స్కిన్ అంచు ఒక చోట ఆనుతుంది, ప్లాన్లలో ఉన్నంత వరకే దాన్ని సరిచేస్తే రెక్క ఇంకొంచెం లోపలికి వస్తుంది. రెండోది, రంధ్రం గుర్తు నువ్వే పెట్టావు కదా, దాన్ని నాలుగు వైపులా అంచులు సమంగా పంచుకునేలా జరిపి మళ్లీ కొలువు, చాలాసార్లు చోటు దొరుకుతుంది. అప్పటికీ తక్కువే వస్తే ఫోటోలు, కొలతలు తీసి కంపెనీ బిల్డర్ సపోర్టుకి పంపు. నువ్వూ నేనూ కూర్చుని "పర్లేదులే" అనుకునే చోటు కాదు అది.

మీ దగ్గరి ఈఏఏ (ఇంట్లో విమానాలు కట్టేవాళ్ల సంఘం) చాప్టర్‌లో టెక్నికల్ కౌన్సిలర్ ఉంటారు, డబ్బులు తీసుకోరు, వచ్చి చూసిపోతారు. పిలువు.

గ్యారేజ్_విమానం | ఫ్రిస్కో, టెక్సాస్

మీరన్నదే రాజు గారూ. కింద స్కిన్ అంచు రిబ్బు ఫ్లాంజికి ఆనుతోంది, ప్లాన్లో అక్కడ ఎంత ఖాళీ ఉండాలో అంతే సరిచేశా. రెక్క లోపలికి వచ్చింది, ఇప్పుడు రెండు వైపులా 5/8 కంటే ఎక్కువే. కౌన్సిలర్ కూడా వచ్చి తన టేపుతో మళ్లీ కొలిచి సరే అన్నాకే డ్రిల్లు పట్టా. పైలట్ డ్రిల్లు, రీమరు, అయిపోయింది. ట్యాంకు ముందు బ్రాకెట్టు, ఫ్లాపు రాడ్డు రంధ్రం, ఫ్యూయల్ లైన్ల వంపులు కూడా అదే రోజు చూసుకుని రెక్కలు దించేశాం.

ఇక హ్యాంగర్ దొరికేదాకా ఇవి గ్యారేజీలోనే. ఎంత కాలమో తెలియదు. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

కిట్‌ఫాక్స్_కృష్ణ | బాయిసీ, ఐడహో

తెరిచి ఉన్న ప్రతి గొట్టానికీ మూత పెట్టు. కందిరీగలకి పీటో గొట్టాలంటే ప్రాణం. 1996లో టర్కీ కంపెనీ బిర్గెన్‌ఎయిర్ 757 విమానం డొమినికన్ రిపబ్లిక్‌లో సముద్రంలో పడిపోయినప్పుడు పీటో గొట్టంలో మట్టిగూడే కారణమై ఉంటుందని అనుమానించారు, 189 మంది పోయారు. విమానం కొన్ని రోజులు మూతలు లేకుండా ఆగి ఉంది. ఫ్యూయల్ లైన్లకి ప్లాస్టిక్ మూతలు, వెంట్లకి కూడా. పీటో గొట్టం, యాంగిల్ ఆఫ్ అటాక్ గొట్టం రెండూ ఒకే రంగులో ఉంటే ఇప్పుడే వేరే రంగు టేపులు చుట్టు, ఆర్నెల్ల తర్వాత ఏది ఏదో గుర్తుండదు. ఫోటోలు తీసి పెట్టుకో, ఎక్కువైనా పర్లేదు.

రివెట్_రాజు | డెంటన్, టెక్సాస్

స్టాండులో ముందంచు కిందికి పెట్టి, కార్పెట్ పట్టీల మీద నిలబెట్టు. పట్టీలు రిబ్బులున్న చోటే పడాలి, మధ్యలో పడితే స్కిన్ సొట్టపోతుంది. ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్లేటప్పుడు తాళ్లతో బిగించేది స్టాండుని, రెక్కని కాదు. ఐలరాన్లు ఊగకుండా కట్టెయ్యి. ఎన్ఏఎస్ బోల్టులు ముందు రాత్రి ఫ్రీజర్‌లో పెట్టుకుని తీసుకురా, చల్లగా ఉంటే కాస్త ముడుచుకుని సుళువుగా దూరతాయి, వాటికి కాస్త లూబ్ రాయి. సుత్తి ఇత్తడిది లేదా ప్లాస్టిక్‌ది, ఉక్కుది కాదు. దూరుతున్న బోల్టుని తిప్పకు, తిన్నగా కొట్టు. నట్లు బిగించడానికి క్రోఫుట్ రెంచి లేకపోతే ఆ ఇరుకులో చెయ్యి తిరగదు.

నా దగ్గర రెక్కల స్టాండు ఒకటి ఖాళీగా ఉంది, కార్పెట్ కూడా వేసే ఉంది, ఫ్లాట్‌బెడ్ ట్రైలర్ మీద సరిగ్గా సరిపోతుంది. కావాలంటే డెంటన్ వచ్చి తీసుకెళ్లు, నీ పని అయ్యాక ఇంకొకరికి ఇద్దువు గానీ.

పన్నెండు_అభిమాని | ఫీనిక్స్

పూజ చేసేటప్పుడు కొబ్బరికాయ ప్రొపెల్లర్‌కి దూరంగా కొట్టండి. మా ఆర్‌వీ-12 స్పిన్నర్ మీద పసుపు ఇప్పటికీ వదల్లేదు.

గ్యారేజ్_విమానం | ఫ్రిస్కో, టెక్సాస్

హహ, ఇంట్లో ఇప్పటికే కొబ్బరికాయ సిద్ధంగా ఉంది. రాజు గారూ, ఆదివారం పొద్దున తొమ్మిదికి వస్తా, ట్రైలర్ మా ఫ్రెండుది. ఫోన్ నంబరు మెసేజ్‌లో పంపండి.